విత్తనానికి ఆరు

చచ్చిన పిట్టలు ఆ ఉదయం పదకొండు దొరికాయి. పశువుల ఆసుపత్రి కాంపౌండరు వాటిని మడుగు గట్టు మీద వరసగా పరిచి, మోకాళ్ళు నేలకానించి కూర్చుని, ఒక్కోదాని ముక్కు రెండు వేళ్ళతో విప్పి గొంతులో దూదిపుల్ల తిప్పాడు. పుల్లను చిన్న సీసాలో ముంచి, చివర విరిచి, మూత బిగించాడు. తర్వాత తోక పైకెత్తి ఇంకో పుల్ల. సీసా మీద అంకె రాయబోతే చేతి తొడుగు తడికి పెన్ను జారుతోంది.

"నీ పెళ్ళాం గొంతులోకి ఎప్పుడైనా ఇంత ఓపిగ్గా చూశావుట్రా?"

వెనక అతని అక్క. ఆమె ముందు రెండొందల పైచిలుకు బాతులు, మెడలు సాచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, నీళ్ళు కనబడేసరికి గోల పెంచాయి. ఆమె చేతిలో పొడవాటి వెదురుకర్ర, దాని చివర ప్లాస్టిక్ సంచి ముక్క. ఊళ్ళో అందరూ ఆమెను బాతులక్క అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా.

"ఆగక్కా. నీళ్ళలోకి దింపకు."

"దింపక? బకెట్లో ఈదించనా ఇన్నిట్నీ?"

"ఈ పిట్టలు ఊరికే చావలేదు. నాలుగు రోజులు ఇంటి దగ్గరే ఉంచు."

అక్క కర్ర అడ్డం పెట్టింది. బాతులు ఆగాయి గానీ అరుపు ఆగలేదు. ఆమె మడుగు వైపు చూసింది. చూడడానికి పెద్దగా ఏమీ లేదు. అవతలి ఒడ్డు కంటికి ఆననంత ఉండే నీళ్ళు మూడేళ్ళలో మూడు వీధులంతకు వచ్చాయి. లారీలు మట్టి తెచ్చి పోసినంత మేరా ఇప్పుడు కోళ్ళ కంపెనీ షెడ్లు రైలుపెట్టెల్లా బారులు తీరి ఉన్నాయి. మడుగుకు నీళ్ళు తెచ్చే కాలవ నోరు ఆ మట్టి కింద పడిపోయింది. ఏటా ఈ కాలానికి దూరాల నుంచి వచ్చే పిట్టలకు ఆ కబురు అందలేదు. అవి అలవాటు కొద్దీ వచ్చి, ఉన్న నీళ్ళలోనే రెక్కకు రెక్క రాసుకునేలా వాలాయి. అక్క బాతులు ఈదేదీ అక్కడే. షెడ్లు కడిగిన నీళ్ళు లావాటి గొట్టంలోంచి పడేదీ అక్కడే.

"ముందు ఊరంత నీళ్ళలో వాలేవి," అంది అక్క. "ఒకటి చస్తే ఇంకోదానికి కబురు కూడా తెలిసేది కాదు. ఇప్పుడు వందమంది ఒక్క కంచంలో తింటున్నట్టుంది."

"అదే రాసి పంపాను పైకి. రెండుసార్లు."

"చూస్తార్లే. చదువుకున్నవాళ్ళు కదా, చదవడం వచ్చే ఉంటుంది."

షెడ్ల గేటు వైపు నుంచి అక్క కూతురు గట్టు మీదుగా వచ్చింది. నాలుగు నెలలుగా ఆ షెడ్లలో గుడ్లు ఏరి, నేల ఊడ్చే పని చేస్తోంది. పొద్దుటి డ్యూటీ దిగి వస్తున్నట్టుంది, మాస్కు గడ్డం కిందకు వేలాడుతోంది. చుట్టూ ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"మామయ్యా, మా మూడో షెడ్లో కోళ్ళు పోతున్నాయి. నిన్న బండెడు పోయాయి. ఎండదెబ్బ అంటున్నారు."

"ఎండెక్కడుందే? వారం రోజులుగా ముసురు పట్టి ఉంటే."

"ఏమో మరి. వెనక గోడ పక్కనించి ఈ మడుగులోకే తోశారు. నేను చెప్పానని ఎక్కడా అనకు. నా పని కోసం గేటు బయట రోజూ యాభై మంది నిలబడి ఉంటారు."

అక్క కూతురి జుట్టులో చిక్కుకున్న ఈకను లాగి పడేసింది. "ముందు ఇంటికెళ్ళి ఆ బట్టలు విప్పి పడెయ్యి. కంపు. నేనొచ్చి ఉతుకుతాను."

"నేను ఉతుక్కుంటాలేవే."

"నువ్వు ఉతికితే మురికి వదలదు, సబ్బే వదులుతుంది," అని అక్క కర్రతో బాతుల్ని ఇంటి దారి పట్టించింది.

లాబ్ మాట మూడో రోజుకు వచ్చింది. చచ్చిన పిట్టల్లో రోగం ఉంది, మనుషులకూ అంటుకోగలిగిన రకం. మడుగు చుట్టూ కిలోమీటరు మేర పెంపుడు పక్షులన్నిటినీ చంపెయ్యాలని ఉత్తర్వు. తలుపులూ తాళాలూ ఉన్న పెద్ద షెడ్లకు మాత్రం, రోగం లేదని పరీక్షలో తేలితే, మినహాయింపు. ఆ పరీక్షకు నమూనాలు తెమ్మని పశువుల ఆసుపత్రి పెద్ద డాక్టరు కాంపౌండర్ని కంపెనీకి పంపాడు.

గేటు పక్క గదిలో సూపర్‌వైజరు కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చాడు. బల్ల మీద ఐసు డబ్బా అప్పటికే సిద్ధంగా ఉంది. మూత తీస్తే అరవై సీసాలు, ముత్యాల్లాంటి అంకెలు వేసి.

"ఇవెవరు తీశారు?"

"మావాళ్ళేనండి. మీకు శ్రమ ఎందుకని."

"నేనే తియ్యాలి. ఆ మూడో షెడ్లో కొన్ని..."

సూపర్‌వైజరు అతని మొహంలోకి చూశాడు. "మూడోదే ఎందుకండీ? మావాళ్ళెవరైనా ఏదైనా చెప్పారా?"

కాంపౌండరు నాలుక కరుచుకున్నాడు. "ఎవరు చెప్తారు? ఏదో నోటికొచ్చిన అంకె అన్నాను."

"లోపలికి రావాలంటే మాకు నియమాలున్నాయండి. మూడు రోజులపాటు బయటి పక్షిని ముట్టుకుని ఉండకూడదు. మీరు రోజూ చచ్చినవాటిని పట్టుకుంటున్నారాయె. మావాటికి రోగమంటూ వస్తే మీ చేతుల్నించే రావాలి." నవ్వుతూనే అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

కాంపౌండరు పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు అలిసిపోయి ఉంది. "సంతకం పెట్టి తెచ్చెయ్యవయ్యా. పొద్దున్నుంచి పైవాళ్ళ ఫోన్లు నాలుగు. కొండను ఢీకొడితే తల పగిలేది మనకే."

కాగితం మీద 'పై నమూనాలు నా సమక్షంలో తీసినవి' అని అచ్చువేసి ఉంది. లోపలికి వెళ్తానని పట్టుబట్టాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే మేనకోడలి పేరు చెప్పాలి. అతను సంతకం పెట్టాడు.

రెండు రోజుల తర్వాత, షెడ్లలో రోగం లేదని వచ్చిన పూటే, తెల్ల తొడుగులు వేసుకుని నలుగురు కూలీలతో అతను అక్క ఇంటికి వెళ్ళాడు. ఆ తెల్ల ఆకారాల్ని చూసి బాతులు దడి సందుల్లోంచి దూరి మడుగులోకి దిగిపోయాయి. కూలీలు గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తారు, ఒకడు బురదలో బోర్లా పడ్డాడు. నవ్వాలో తిట్టాలో మిగతావాళ్ళకు తెలియలేదు.

"అక్కా, నువ్వు పిలవాలి."

"నన్ను పిలవమంటున్నావా?"

"వల వేస్తే సగం ఊపిరాడక చస్తాయి. మిగతావి జమ్ములో దూరతాయి. నువ్వు పిలిస్తే వస్తాయి."

ఆమె అతని కళ్ళద్దాల్లోకి చూసింది. అవి ఆవిరి పట్టి ఉన్నాయి, ఆమెకు ఏమీ కనపడి ఉండదు. నీళ్ళ అంచుకు నడిచి వెళ్ళి, గొంతు సవరించుకుని, "దా... దా... దా..." అంది. సాయంత్రాలు గింజలు చల్లేముందు పిలిచే పిలుపు. బాతులు నీళ్ళు చీల్చుకుంటూ, రెక్కలు కొట్టుకుంటూ, ఆమె పాదాల చుట్టూ గుమిగూడాయి. ఆమె పిలవడం ఆపి, వెనక్కి తిరగకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఎడమ చేత్తో రెండు రెక్కలూ కలిపి పట్టుకోవాలి. కుడిచేతి రెండు వేళ్ళ మధ్య తల ఇరికించి, కిందికి లాగి, వెనక్కి విరవాలి. సరిగా చేస్తే ఒక్క చిటుకు. కూలీలకు సరిగా రాలేదు, అందుకని వాళ్ళని పట్టి ఇమ్మని అతనే విరిచాడు. వంద దాటాక మణికట్టు పట్టేసింది. సంచిలోకి వేసినవి ఇంకా కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాయి. పెరట్లో తీసిన గోతిలో ఒక వరస సంచులు, ఒక వరస సున్నం. గడపలో కూర్చుని మేనకోడలు దగ్గుతోంది. సున్నం ఘాటు అనుకుని, "లోపలికి పో అమ్మడూ," అన్నాడు.

ఉత్తర్వు వచ్చినరోజు లెక్క రాసుకున్నప్పుడు రెండొందల పన్నెండు. ఇప్పుడు గోతిలోకి వెళ్ళినవి రెండొందల ఆరు. అతను మళ్ళీ లెక్క చూస్తుండగా స్నానాలగది వైపు నుంచి చిన్న అరుపు వినిపించింది, నోరు మూసినట్టు మధ్యలోనే ఆగిపోయింది. ఒక కూలీ తల తిప్పాడు.

కాంపౌండరు మందు కొట్టే యంత్రం తాడు పట్టుకుని లాగాడు. మొదటిసారి అంటుకోలేదు. రెండోసారి అది భగ్గుమని మోత మొదలెట్టింది, ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. ఆ మోతలోనే అతను కాగితం మీద రెండొందల పన్నెండు అని రాశాడు. కంపెనీ షెడ్లు వదిలేసిన చెయ్యి ఈ ఆరింటినీ వదిలేస్తే మునిగిపోయేదేముంది అనుకున్నాడు.

మూడు రోజులకు మేనకోడలు ఫోన్ చేసింది. "అమ్మకు ఒళ్ళు కాలిపోతోంది. నిన్నే మొదలైంది, నీకు చెప్పొద్దంది."

అతను వెళ్ళేసరికి అక్క గోడకు జారగిలి కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదట. మాటకూ మాటకూ మధ్య నోరు తెరిచి గాలి తాగుతోంది. స్నానాలగది తలుపు తీసి చూశాడు. నీళ్ళ తొట్టెలో ఆరు బాతులు. ఈకలు నిగనిగలాడుతున్నాయి. అతన్ని చూసి తిండికి మెడలు సాచాయి.

"విత్తనానికి ఆరు ఉంచుకున్నాన్రా," అంది అక్క. "నాలుగు పెట్టలు, రెండు పోతులు. నువ్వు చూసీ చూడనట్టు పోయావని నాకు తెలుసు."

"మాట్లాడకు. లే, ఆసుపత్రికి పోదాం."

"ఆటోలో వద్దురా. వీధి వీధంతా చూస్తుంది."

"విమానం లేదక్కా, ఉంటే అదే తెచ్చేవాణ్ణి."

ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు దగ్గులోకి జారి, రెండు నిమిషాలు తెమలలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుకు ఎత్తి చూసింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ కిందినుంచి తెలుపు పాకి ఉంది. "ఈమధ్య పక్షుల దగ్గర పనిచేశారా? ఇంట్లో ఏమైనా ఉన్నాయా?"

కాంపౌండరు నోరు విప్పే లోపలే అక్క ముఖం మీది ఆక్సిజన్ గొట్టం పక్కకు లాగింది. "ఉన్నాయి డాక్టరమ్మా. ఆరు బాతులు దాచాను. వాటిని ఒళ్ళో పెట్టుకునే పడుకున్నాను. వాటివల్లే. రాసుకోండి."

చెప్పి, మంచం పక్కనున్న తమ్ముడి మణికట్టు పట్టుకుంది. వేళ్ళలో అంత జ్వరంలోనూ బలం ఉంది. "నువ్వింకేం మాట్లాడకు. విన్నావా? ఏం మాట్లాడకు."

తప్పుడు లెక్క రాసిన సంగతి బయటపడి తన ఉద్యోగం పోతుందని ఆమె భయం అనుకున్నాడు. తల ఊపాడు.

గొంతు పరీక్షలో అదే రోగమని తేలడంతో ఆ సాయంత్రమే ఆమెను అద్దాల గదిలోకి మార్చారు. కూతురికీ, అతనికీ, వీధిలో పదిళ్ళకూ మాత్రలు ఇచ్చారు. కూతురు తనకేమీ లేదని చెప్పింది, దగ్గు అప్పటికి తగ్గిపోయింది గనక పరీక్ష కూడా చెయ్యలేదు. కాంపౌండరు తిరిగి వెళ్ళి, తొట్టెలోని ఆరు బాతుల గొంతుల్లో, తోకల కింద పుల్లలు తిప్పి, రెక్క కింది నరంలోంచి రక్తం తీసి, లాబ్‌కు పంపాడు. తర్వాత ఒక్కొక్కదాన్నే విరిచాడు. వాటిని ఎవరూ పట్టి ఇవ్వనక్కర్లేకపోయింది. అవే దగ్గరికి వచ్చాయి.

మూడో రోజు మధ్యాహ్నం అక్క పోయింది. అద్దం అవతల నర్సు తెర లాగడం చూసి అతనికి అర్థమైంది. జిప్పు వేసిన సంచిలో ఇచ్చారు, ముఖం చూపించలేదు. వెంట నడిచింది ఆసుపత్రి మనుషులు ఇద్దరు, అతను, మేనకోడలు. వీధిలో తలుపులు ముందే వేసుకున్నారు. ఒక కిటికీ సందులోంచి ఓ ఆడగొంతు, "దాచుకుని దాచుకుని మన పిల్లల మీదికి తెచ్చిందమ్మా మహాతల్లి," అంటోంది. పదేళ్ళుగా అక్క ఇంటినుంచి గుడ్లు తీసుకెళ్ళిన ఇల్లే అది.

ఆ వారంలోనే నివేదిక తయారైంది. పెద్ద డాక్టరు దాన్ని బల్ల మీదుగా అతని ముందుకు తోశాడు. 'మనిషికి రోగం సోకిన కారణం: మృతురాలు ఉత్తర్వును ఉల్లంఘించి ఇంట్లో దాచిన బాతులు.' కింద సిఫారసు: 'వలస పక్షులు వాలకుండా మిగిలిన మడుగును పూర్తిగా పూడ్చవలెను.'

"పూడుస్తారా? నీళ్ళు తగ్గబట్టేకదండీ ఇంత దూరం వచ్చింది. నేను రాసిన రెండు ఉత్తరాలూ..."

"ఏ ఉత్తరాలయ్యా?" పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి ముక్కు రుద్దుకున్నాడు. "నీ లెక్కలో చచ్చిన ఆరు మళ్ళీ ఎలా బతికొచ్చాయని నేను నిన్ను అడగను. నువ్వు ఆ షెడ్ల సంగతి నన్నడక్కు. నీకూ సంసారం ఉంది, నాకూ ఉంది."

ఆరు బాతుల ఫలితం ఇంకో వారానికి వచ్చింది. కవరు చింపి నిలబడే చదివాడు కాంపౌండరు. గొంతులో లేదు. రెట్టలో లేదు. రక్తంలో దాని గుర్తు కూడా లేదు. అంటే ఆ బాతులకు రోగం ఉండి తగ్గిపోవడం కాదు, అసలెప్పుడూ సోకనే లేదు.

బెంచీ మీద కూర్చున్నాడు. బాతులు కాకపోతే మరేమిటి? గడపలో కూర్చుని దగ్గిన పిల్ల గుర్తొచ్చింది. సున్నం ఘాటు కాదది. నాలుగు నెలలుగా షెడ్డులోంచి ఆ పిల్ల ఒంటి మీద ఇంటికొచ్చిన ఈకల దుమ్మునీ, రెట్ట మరకల్నీ రోజూ దులిపి, నానబెట్టి, బండమీద బాది ఉతికిందెవరు? పిల్ల వయసులో ఉంది, రెండు రోజులు దగ్గి లేచింది. ఉతికిన మనిషి లేవలేదు.

పెద్ద డాక్టరు ఆ కాగితం తీసుకోలేదు. "ఫైలు వెళ్ళిపోయింది," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "మంచి కబురే కదా. దాచుకో."

కనీసం పిల్లకైనా చెప్పాలని మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. మీ అమ్మ తప్పు లేదని, ఆ వీధి వీధంతా తిట్టిన తిట్లు వట్టివని. ఇంటికి తాళం వేసి ఉంది. కంపెనీ గేటు దగ్గర, డ్యూటీకి నిలబడ్డ వరసలో దొరికింది. చిక్కిపోయింది. చేతిలో టిఫిన్ డబ్బా.

"మళ్ళీ ఇక్కడికెందుకొచ్చావే?"

"ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చెయ్యను మామయ్యా?"

"అమ్మడూ, మీ అమ్మ సంగతి ఒకటి..." జేబులో చెయ్యి పెట్టాడు.

"అమ్మకు ముందే తెలుసు," అంది పిల్ల. "జ్వరం వచ్చిన రోజు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. నీ దగ్గు వేరు, నా జ్వరం వేరు, నాకిది బాతులవల్లే వచ్చింది, ఎవరడిగినా అదే చెప్పు అంది. ఒట్టు వేయించుకుంది. నేను మొదట నావల్లేనేమో అనుకున్నా మామయ్యా. నాకేగా ముందు దగ్గొచ్చింది. రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత మీ కాగితాల్లో కూడా బాతులవల్లేనని తేలిందన్నారు. అప్పుడు కాస్త నిద్రపట్టింది."

జేబులో అతని వేళ్ళకు కవరు అంచు తగిలింది. ఆసుపత్రి మంచం మీద తన మణికట్టు పట్టుకున్న ఆ వేళ్ళ బిగి ఎవరి కోసమో ఇప్పుడు తెలిసింది. అది అతని ఉద్యోగం కోసం కాదు.

"ఏంటో చెప్పబోయావు?"

"ఏం లేదు. ఈ పని మానెయ్యవే. మా ఇంటికొచ్చెయ్."

"అత్తయ్య నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా? వీధిలో నన్ను చూస్తే పిల్లల్ని లోపలికి లాక్కుంటున్నారు. వీళ్ళొక్కళ్ళే రమ్మన్నారు." గొంతులో కోపం లేదు. "అయినా ఇక్కడ భయమేముంది? మూడో షెడ్లో కోళ్ళు చచ్చినప్పుడు నేనూ భయపడ్డాను. ఏ రోగమూ లేదని నువ్వే సంతకం పెట్టావుగా, అప్పట్నించీ ధైర్యంగా ఉంది."

సైరన్ మోగింది. వరస కదిలింది. కాంపౌండరు నోరు తెరిచాడు. చెబితే ఆ పిల్ల తల్లిని చంపుకున్నాననుకుంటూ బతకాలి. చెప్పకపోతే ఆ గేటులోకి వెళ్ళాలి. రెండడుగులు వెంట నడిచి, "అమ్మడూ," అని పిలిచాడు.

ఆమె తిరిగి చూసింది.

"మాస్కు ముక్కు మీదికి లాక్కో."

సరేనని తల ఊపి, లాక్కుని, లోపలికి వెళ్ళింది.

అవతల మడుగు దగ్గర మట్టి లారీ వెనక్కి వచ్చి తొట్టె ఎత్తింది. నీళ్ళ మీదున్న పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. గుంపుగా ఒక చుట్టు తిరిగాయి, ఇంకో చుట్టు తిరిగాయి, కిందికి దిగబోయి మట్టిని చూసి మళ్ళీ లేచాయి. కాసేపటికి గుంపు చీలింది. కొన్ని మూడో షెడ్డు వెనక కడుగునీళ్ళ గుంటలో వాలాయి. కొన్ని అక్క ఉండే వీధి మీదికి వెళ్ళి, ముసురుకు నిండిన మురికికాలవ పొడుగునా, ఇళ్ళ గుమ్మాల ముందు, ఒకదాని పక్కన ఒకటి దిగాయి. అంట్లు తోముకుంటున్న ఒకావిడ తడిచేత్తో వాటిని "హుష్" అంది. అవి గజం దూరం జరిగి, మళ్ళీ నీళ్ళలో ముక్కులు పెట్టాయి.